మడమ కింద అరచెయ్యి

అసలు పరీక్ష గేటు దగ్గరే మొదలయ్యేది. గది లోపలి రెక్సిన్ బల్ల, దాని మీద తెల్ల దుప్పటి, గోడకు వేలాడే చర్మం ఒలిచిన మనిషి బొమ్మ, ఇవన్నీ లాంఛనం. ఫిజియో మేడమ్ పొద్దున్నే కిటికీ తెర ఓ పక్కకు జరిపి, టీ కప్పు పట్టుకుని నిలబడేది. పార్సెళ్ళ గోడౌన్ గేటు నుంచి ఆమె గది దాకా సిమెంటు దారి. ఆ దారిన నడిచొచ్చేవాడు తలుపు తట్టేలోగా, నొప్పి నిజమా నటనా అన్న తీర్పు అయిపోయేది. ఇక మిగిలేది వాడికి తెలియజెప్పడమే. ఆమెకు రుచి ఉన్నది అందులోనే.

ఆ రోజు వచ్చినవాడు లారీల్లోంచి మూటలు దించేవాడు. కుడి చేతిలో కర్ర, ఎడమ చెయ్యి మోకాలి మీద, ముఖం ఆముదం తాగినట్టు.

"ఏ కాలు?"

"కుడిదండీ మేడమ్. అడుగేస్తే ప్రాణం పోతోంది."

"పోయే ప్రాణాన్ని దాని మీదే అంతసేపు ఎందుకు నిలబెట్టావు?"

వాడు అర్థంకాక తన కాలి వంక చూసుకున్నాడు, అదేమైనా చాడీ చెప్పిందేమో అన్నట్టు.

"నొప్పి కాలు నేలకు ఆనగానే మనిషి దాన్ని వదిలించుకోవాలని చూస్తాడు. కాలిన పెనానికి వేలు తగిలినట్టు. టక్కున రెండో కాలి మీదికి పోతాడు. నువ్వేం చేశావు? ఈడ్చి ఈడ్చి, దాని మీదే కాపురం పెట్టావు. కర్ర కూడా అదే పక్క చేతిలో. ఎదుటి చేతిలో పట్టుకుంటే కదా తుంటి మీద బరువు తగ్గేది?"

"మా తాత ఇట్లాగే పట్టుకునేవాడండీ."

"మీ తాత కూడా నీలాంటివాడే అయ్యుంటాడు. పడుకో."

పడుకున్నాడు. ఆమె వాడి ఎడమ మడమ కింద అరచెయ్యి పెట్టి, కుడి కాలు ఎత్తమంది. వాడు పళ్ళు బిగించాడు, మూలిగాడు, దిండు పిసికాడు. కాలు లేవలేదు. ఆమె నవ్వింది.

"విను. మనిషి ఒక కాలు ఎత్తడానికి నిజంగా తంటాలు పడితే రెండో మడమ తనంతట తను బల్లను నొక్కుతుంది. నువ్వు వద్దన్నా ఆగదు. నడుం కింద కండరాలు అలా జోడు కట్టి ఉంటాయి, ఒకటి లేవాలంటే రెండోది దిగాలి. నువ్వేమో ఇక్కడ చచ్చిపోతున్నావు, నీ ఎడమ మడమ నా చేతిలో గుర్రుపెట్టి నిద్రపోతోంది."

వాడు మూలుగు మానేసి, నోరు తెరుచుకుని విన్నాడు. "అట్లాగా అండీ!" అన్నాడు, నిజమైన ఆసక్తితో. ఆ ఆసక్తిని ఆమె ఓటమి అనుకుంది. ఫిట్ అని రాసి పంపించేసింది. వాడు కర్రను చంకలో పెట్టుకుని, రెండు కాళ్ళ మీదా సమానంగా నడుచుకుంటూ పోయాడు.

వాడి తర్వాత వచ్చిన ఆడమనిషిని గోడౌన్ అంతా వదిన అనేది. ఆమె కంటే పెద్దవాళ్ళు కూడా వదినా అనే పిలిచేవాళ్ళు. బెల్టు మీద దొర్లుకుంటూ వచ్చే పార్సెళ్ళను అందుకోవడం, నడుం తిప్పడం, వంగి ర్యాకులో పెట్టడం, మళ్ళీ తిరగడం. బెల్టు ఆగదు కాబట్టి ఆమె కూడా ఆగకూడదు. ఈమధ్య లేబుళ్ళ బల్ల దగ్గర స్టూలొకటి ఖాళీ అయింది. కూర్చుని కాగితాలు అంటించే పని. నిజంగా కాలో నడుమో పోయినవాళ్ళకే ఇస్తానని మేనేజర్ అన్నాడు. అడిగింది ఇద్దరు, వదిన, ఇంకో మూటలవాడు. ఎవరిది నిజమో తేల్చాల్సింది ఫిజియో. స్టూలు రానివాళ్ళు తిరిగి బెల్టు దగ్గరికి పోవాలి, లేదంటే ఇంటికి పోవాలి.

కిటికీలోంచి వదిన నడక చూసి ఫిజియో పెదవి విరిచింది. నొప్పి ఎడమ కాలికని చెప్పారు. ఈవిడ ఆ ఎడమ కాలి మీదే తాపీగా నిలబడి, ఏదో ఆలోచించుకుని, అప్పుడు దాన్ని పక్కకు విసిరినట్టు ముందుకేస్తోంది. ఇంకో కాపురం.

"ఎన్నాళ్ళుగా?"

"చానాళ్ళయిందమ్మా."

"స్టూలు ఖాళీ అయ్యాక గుర్తొచ్చిందా?"

"నొప్పి ముందే ఉంది. స్టూలు లేనప్పుడు చెప్పుకుంటే ఎక్కడ కూర్చోబెడతారు? ఇంటికి పంపిస్తారు."

తెలివైనదే, అనుకుంది ఫిజియో. తెలివైనవాళ్ళను పట్టుకోవడం ఇంకా బాగుంటుంది. పడుకోమని, కుడి మడమ కింద చెయ్యి పెట్టి, ఎడమ కాలు ఎత్తమంది. వదిన కళ్ళు మూసుకుంది. కాలు బల్ల మీద నుంచి కదిలీ కదలనట్టు కదిలి, ఆగింది. ఫిజియో అరచేతిలో కుడి మడమ, పగుళ్ళలో గోడౌన్ దుమ్ముతో, ఊరికే పడి ఉంది.

"లే. అయిపోయింది."

"ఎత్తలేనమ్మా."

"ఎత్తలేకపోవడం కాదు, ఎత్తడం లేదు. అసలు ప్రయత్నమే చెయ్యలేదు. నీ రెండో మడమ చెప్పింది నాకు."

వదిన లేచి కూర్చుని ఆ మాట కాసేపు నమిలింది. "చెయ్యలేదు," అని ఒప్పుకుంది. "చేస్తే ఏమవుతుందో తెలుసు గదమ్మా. తొడ మొదట్లో కత్తి దిగుతుంది. తెలిసి తెలిసి ఎవరు చేస్తారు?"

"ప్రయత్నం చెయ్యకపోవడాన్నే మేం నటన అంటాం."

"మేం భయం అంటామమ్మా," అంది వదిన, చెప్పుల కోసం కాలితో వెతుక్కుంటూ.

మర్నాడు పొద్దున స్టూలు అడిగిన రెండో మనిషి వచ్చాడు. గోడౌన్‌లో వీడిని మాస్టారు అంటారని ఫిజియోకు తెలుసు, ఎందుకంటారో తెలియదు. ఇంతకుముందు ఈమె చేతిలో దొరికిపోయి ఫిట్ అనిపించుకున్నవాడే. కిటికీ దగ్గర ఆమె టీ తాగడం మరిచిపోయింది. ఎంత శుభ్రమైన కుంటుడు! కుడి పాదం నేలను ముద్దుపెట్టుకుని వెంటనే లేచిపోతోంది. ఒళ్ళు నొప్పి వైపుకే, ఎంత ఒరగాలో అంతే ఒరుగుతోంది. తుంటి నొప్పిలో అలాగే ఒరగాలి, బరువు కీలు మీదికి వస్తే పక్క కండరం లాగాల్సింది తగ్గుతుంది. కర్ర ఎడమ చేతిలో. బల్ల మీద పడుకోబెట్టి, కుడి కాలు ఎత్తమని, ఎడమ మడమ కింద చెయ్యి పెడితే, ఆ మడమ ఆమె వేళ్ళను బల్లకు అదిమేసింది. ఆమె చెయ్యి లాక్కోవలసి వచ్చింది.

"పాపం," అంది. ఆ గదిలో ఆ మాట వినపడి చాలాకాలమైంది.

"ఏం చేస్తామండీ మేడమ్, రాసిపెట్టుంది," అన్నాడు మాస్టారు, కళ్ళు దించుకుని.

స్టూలు వాడికి వచ్చింది.

సాయంత్రం ఇంట్లో ఆమె భర్త మెడ ఒక పక్కకు పట్టేసి సోఫాలో కూర్చుని ఉన్నాడు. ఆయన లెక్కల టీచరు. తల తిప్పకుండా కళ్ళు మాత్రమే తిప్పి భార్యను చూశాడు.

"ఇవాళ చాలా రోజులకు నిజమైన నొప్పిని చూశాను," అంది చెప్పులు విప్పుతూ. "ఎంత పద్ధతిగా ఉందనుకున్నారు! పుస్తకంలో బొమ్మ లేచి నడిచొచ్చినట్టుంది."

"నాదీ నిజమైనదే. పొద్దున్నించీ తల తిరగడం లేదు."

"ఏదీ, కుడి పక్క చూడండి."

"అదే తిరగడం లేదంటున్నా."

"ఇందాక గంట మోగితే తలుపు వైపు చూశారుగా?"

"మొత్తం మనిషిని తిప్పి చూశాను."

"పిల్లల పేపర్లు దిద్దాల్సిన రోజే ఎందుకు పట్టేస్తుందో మీ మెడ."

ఆమె వంటింట్లోకి వెళ్ళింది. కాసేపయ్యాక, వంటింట్లోకి వినపడేట్టుగా అన్నాడు. "నీ దగ్గర నొప్పి పడాలన్నా పాసవ్వాలే."

ఆమె నవ్వేసింది. నిజంగానే హాస్యమనుకుంది.

ఆ తర్వాతి రోజు మధ్యాహ్నం ఆమె గది పక్క కుళాయిలో నీళ్ళు రాలేదు. చెయ్యి కడుక్కోవడానికి గోడౌన్ వెనక్కి వెళ్ళింది. అక్కడ ఖాళీ గోనెలు, చిరిగిన అట్టపెట్టెలు గుట్టలుగా పోసిన రేకుల షెడ్డు ఉంది. అన్నం తినేవేళ కూలీలు అక్కడ చేరతారు. కుళాయి తిప్పబోతూ ఆగిపోయింది. షెడ్డులోంచి తన మాటలు వినపడుతున్నాయి. తన మాటలే, మగ గొంతులో.

"మనిషి ఒక కాలు ఎత్తడానికి నిజంగా తంటాలు పడితే, రెండో మడమ తనంతట తను బల్లను నొక్కుతుందీ! నీ మడమేమో నా చేతిలో గుర్రుపెట్టి నిద్రపోతోందీ!"

గొంతు సన్నం చేసి, ప్రతి మాట చివరా ముక్కుతో లాగి. నవ్వులు పడ్డాయి. ఆమె రేకు సందులోంచి చూసింది. గోనెల మీద మొన్నటి కర్రవాడు వెల్లకిలా పడుకుని ఉన్నాడు. వాడి మడమ కింద చెయ్యి పెట్టి, తల ఓ పక్కకు వాల్చి, అచ్చంగా ఆమెలాగా కనుబొమ్మ ఎగరేసి కూర్చున్నాడు మాస్టారు.

"నొక్కరా."

"నొక్కుతున్నా."

"ముందే నొక్కకూడదు రా వెధవా. మూలుగూ నొక్కుడూ కలిసి రావాలి. మూలుగు ముందొచ్చి మడమ తర్వాతొస్తే అనుమానపడుద్ది మడమలమ్మ."

మడమలమ్మ. ఆ పేరు తనదని అర్థం కావడానికి ఆమెకు క్షణం పట్టింది. వీడిని మాస్టారని ఎందుకంటారో అంతకంటే త్వరగా అర్థమైంది. దొరికిపోయిన ప్రతివాడికీ ఎందుకు దొరికాడో విప్పి చెప్పి పంపింది తనే. తాళం వేసి, తాళంచెవి ఏ చూరులో దాచిందీ దొంగను పిలిచి చూపించిన ఇల్లాలు తను. ఒక్కొక్కడూ ఒక్కొక్క ముక్క పట్టుకొచ్చి ఇక్కడ పోస్తే, మాస్టారు వాటిని కూర్చి పాఠం కట్టాడు. కాలేజీలో తనకు కండరాలు చెప్పిన ముసలాయన ఇంత బాగా చెప్పలేదు.

"వదినా, నువ్వూ రా. ఒక్కసారి పడుకో. ఇంకో స్టూలు ఎప్పుడైనా ఖాళీ అవుద్ది."

వదిన ఓ మూలన అట్టపెట్టె మీద కూర్చుని డబ్బా మూత పెడుతోంది. "నాకు ఉన్నదే నొప్పి. ఉన్నదానికి నేర్చుకోడమేంది రా?"

"అదే నీ తప్పు. నీ నొప్పికి పద్ధతి లేదు. పద్ధతి లేని నొప్పిని ఆవిడ లెక్కచెయ్యదు."

"నా స్టూలు మీద కూర్చుని నాకే చెప్తున్నావా?"

మాస్టారు కాస్త ఇబ్బందిగా నవ్వాడు. "నేను రానంటే నీకిచ్చేదా వదినా? నువ్వు ఫెయిలయ్యాకే గదా నేను పోయింది." అని గోనెల గుట్ట మీద నుంచి రెండు కాళ్ళతో కిందికి దూకి, బీడీ కోసం జేబు తడుముకున్నాడు. తుంటి నొప్పి ఉన్న మనిషి.

గంట కొట్టారు. అందరూ లేచి పోయారు. వదిన చివర మిగిలింది. అటూ ఇటూ చూసింది, ఎవరైనా సాయం వస్తారేమోనని కాదు, ఎవరూ చూడడం లేదని ఖాయం చేసుకోవడానికి. పక్కకు ఒరిగి మోకాళ్ళ మీదికి వచ్చింది. కుడి పాదం నేల మీద మోపింది. రెండు చేతులతో తన తొడనే పట్టుకుని, నిచ్చెన ఎక్కినట్టు, చెయ్యి మీద చెయ్యి వేసుకుంటూ తన ఒంటినే ఎక్కింది. నిలబడి, ఊపిరి బిగబట్టి, గోడకు నుదురు ఆనించి కాసేపు ఉంది. అప్పుడు నడిచింది. ఎడమ కాలి మీద ఆగి, ఆలోచించుకుని, దాన్ని తుంటితో సహా పక్కకు విసిరి ముందుకేసింది. చూసేవాళ్ళెవరూ లేరు. అయినా అదే నడక.

ఫిజియో కడుక్కోని చేత్తోనే రేకు పట్టుకుని నిలబడింది. నొప్పి కాలు మోపడంలో లేదు, ఎత్తడంలో ఉంది. తొడను పైకి లాగే కండరం, నడుం లోపల్నించి దిగి తొడ మొదట్లో అతుక్కునేది, అది దెబ్బతిన్నది. నేల మీద ఉన్నంతసేపూ ఆ కాలికి సుఖం. నేల వదలాలంటేనే కత్తి. మరి దాని మీద కాపురం పెట్టక ఏం చేస్తుంది? ఎత్తమంటే ఎందుకు ఎత్తుతుంది? రెండో మడమ ఎందుకు నొక్కుతుంది? భయపడినవాళ్ళకు ఆ పరీక్ష పనికిరాదని, పుస్తకంలో దాని కిందే చిన్నక్షరాల్లో ఉంటుంది. చదివింది కూడా. చిన్నక్షరాలని వదిలేసింది.

ముందు కోపమే వచ్చింది. అందరి మీదా. ముక్కుతో లాగిన ఆ గొంతు మీద మరీ.

మేనేజర్ తిరిగే కుర్చీలో అటూ ఇటూ ఊగుతూ ఆమె చెప్పింది విన్నాడు. ఆయన ఏ మాటైనా ఊగుతూనే వింటాడు. తనకు అవసరమైన మాట వచ్చినప్పుడు మాత్రం ఆగుతాడు.

"అయితే మాస్టారు దొంగ."

"దొంగే. పైగా అందరికీ నేర్పుతున్నాడు."

"ఎవరి దగ్గర నేర్చుకున్నాడో?"

ఆమె ఆ ప్రశ్నను దాటేసింది. "బెల్టు దగ్గర ఆవిడ విషయం కూడా మళ్ళీ చూడాలి. ఆవిడది నిజమేమో అనిపిస్తోంది."

కుర్చీ ఆగింది. "మేడమ్, మీ పరీక్ష పాసైనవాడు దొంగ, ఫెయిలైనది నిజం అంటున్నారు. అంటే ఇన్నాళ్ళూ మీరు ఫిట్ అని పంపిస్తే పనిలోకి పోయినవాళ్ళూ, పోలేక మానుకున్నవాళ్ళూ... వాళ్ళందరి సంగతేంటి మరి?"

ఆమె దగ్గర దానికి జవాబు ఉంది. గొంతు దాకా వచ్చింది. "పరీక్ష తప్పని నేననలేదు," అంది. "ఆ రోజు సరిగ్గా చెయ్యలేదేమో అంటున్నా."

"అలా చెప్పండి మరి." కుర్చీ మళ్ళీ ఊగింది. "రేపు ఇద్దరికీ నా ముందు చెయ్యండి. మడమ నొక్కితే నిజం, నొక్కకపోతే నటన. మీరేగా చెప్పారు, నాకు బాగా గుర్తు. మా బావమరిది మీద కూడా చేసి చూశా. వాడు పచ్చి దొంగ మేడమ్!"

సాయంత్రం బెల్టు ఆగాక ఫిజియో గోడౌన్‌లోకి వెళ్ళింది. ఇన్నేళ్ళలో ఆమె అక్కడికి రావడం ఎవరూ చూడలేదు. వదిన చివరి పార్సెల్‌ను ర్యాకులోకి తోస్తోంది, చేతులతో కాదు, కుడి భుజంతో, ఎడమ కాలు నేలకు అతికించినట్టు పెట్టి.

"రేపు మళ్ళీ పరీక్ష. మేనేజర్ కూడా ఉంటారు," అంది ఫిజియో మెల్లగా.

"మళ్ళీ ఎందుకమ్మా? ఫిట్ అన్నారుగా. ఫిట్‌గానే ఉన్నా, చూడండి."

"నీ నొప్పి నిజమని నాకు తెలుసు."

వదిన పార్సెల్ మీద చెయ్యి తీయకుండా తల తిప్పి చూసింది. "ఎప్పటినుంచి తెలుసు?"

"అది కాదు ముఖ్యం. విను. నేను ఎడమ కాలు ఎత్తమన్నప్పుడు, కుడి మడమతో నా చెయ్యి గట్టిగా నొక్కు. కాలు ఎత్తక్కర్లేదు, నొప్పి ఉండదు. ఊరికే నొక్కితే చాలు. మూలుగూ నొక్కుడూ..." అని ఆగిపోయింది. ఆ వాక్యం ఎవరిదో గుర్తొచ్చింది.

వదినకు నవ్వొచ్చింది. లోపల్నించి వచ్చిన నవ్వు, దాచుకోలేదు. "మాస్టారు ఇదే చెప్పాడమ్మా. ఆయన టీ కూడా పోయిస్తాడు."

"ఇది అబద్ధం కాదు. నీ నిజాన్నే కాస్త కనపడేట్టు..."

"నిజంగా నొప్పి ఉందని చెప్పడానికి ఉన్నట్టు నటించాలా నేను? మీరేం చెయ్యాలి మరి?"

"నేను... నేను చూసుకుంటా."

"తప్పు రాశానని ఆయనతో ఒక్క మాట అనండి. మధ్యలో నా మడమెందుకు?"

ఫిజియో అటుగా పోతున్న స్వీపరమ్మ వంక చూసింది. ఆమె దాటిపోయేదాకా ఆగి, "అలా అంటే చాలా దూరం పోతుంది," అంది.

"నేను ఇక్కణ్ణించి ఇంటికి నడుచుకుంటూ పోవాలమ్మా," అంది వదిన. "నా దూరం నాకుంది." అని ర్యాకు పట్టుకుని, ఒక్కో అడుగూ ఆలోచించుకుంటూ పోయింది.

మర్నాడు గదిలో మేనేజర్ చర్మం ఒలిచిన మనిషి బొమ్మ కింద కుర్చీ వేయించుకున్నాడు. అది ఊగే కుర్చీ కాదు, అందుకని మోకాలు ఊపుతున్నాడు. తలుపు బయట బెంచీ దగ్గర కూలీలు గుమిగూడారు.

మాస్టారు ముందు వచ్చాడు. అదే శుభ్రమైన కుంటుడు. పడుకుని, కుడి కాలు ఎత్తలేక, మూలిగి, ఎడమ మడమతో ఆమె వేళ్ళను అదిమాడు. మేనేజర్ మెడ చాచి చూశాడు. ఫిజియో అవతలి పక్కకు వెళ్ళి, ఇప్పుడు కుడి మడమ కింద, నొప్పి కాలి మడమ కింద, చెయ్యి పెట్టింది.

"బాగున్న కాలు ఎత్తు."

ఈ పాఠం ఎప్పుడూ జరగలేదు. మాస్టారు మామూలు మనిషిలాగా ఎడమ కాలు ఎత్తాడు. ఇందాక కదలలేనన్న కుడి కాలు కింద జాకీలాగా బిగిసి, ఆమె చేతిని రెక్సిన్‌లోకి దించేసింది. పైకి లేవని కాలికి కిందికి నొక్కే బలం ఎక్కణ్ణించి వచ్చిందో మాస్టారికే ముందు అర్థమైంది. కాలు గాలిలోనే ఉండగా ఆమె ముఖంలోకి చూసి, "ఇది చెప్పలేదే మేడమ్!" అన్నాడు, మోసపోయినవాడిలా.

"ఇక చెప్పను," అంది.

మేనేజర్ తొడ చరుచుకున్నాడు. మాస్టారు కర్ర మరిచిపోయి బయటికి పోయాడు.

వదిన వచ్చింది. బల్ల ఎక్కడానికి చాలాసేపు పట్టింది. ఫిజియో కుడి మడమ కింద అరచెయ్యి పెట్టి, వదిన కళ్ళలోకి చూసింది. అది బతిమాలడమేనని ఆ గదిలో ఇద్దరికే తెలుసు.

"ఎడమ కాలు ఎత్తు."

వదిన పైకప్పు చూస్తూ పడుకుంది. కాలు కొంచెం వణికింది. మూలగలేదు. కళ్ళ చివరల్లో నీళ్ళు వచ్చాయి కానీ వాటిని మేనేజర్ చూడలేదు, ఆయన మడమ చూస్తున్నాడు. ఫిజియో అరచేతిలో ఆ మడమకు తన బరువే తప్ప ఇంకేం లేదు. ఆమె ఎదురుచూసింది. ఇంకాసేపు ఎదురుచూసింది. నొక్కలేదు.

"ఏంటి మేడమ్?"

భయం ఉన్న చోట ఈ పరీక్ష చెల్లదు, నేను తప్పు చేశాను, చాలామందికి చేశాను. అంతే మాట. ఆమె పెదవులు విడ్డాయి.

"నొక్కుతోంది," అంది.

"నొక్కుతోందా?"

"బాగా నొక్కుతోంది."

వదిన పైకప్పు మీద నుంచి చూపు దించి ఆమె వైపు చూసింది.

"ఏదీ, నన్ను చూడనివ్వండి." మేనేజర్ లేచి, చొక్కా చెయ్యి పైకి మడిచి వచ్చాడు. ఫిజియో చెయ్యి అక్కడే బిగుసుకుపోయింది. ఆయన వంగాడు. నల్లటి పగుళ్ళు, వాటిలో అట్టపెట్టెల పొడి, చెప్పు కోసిన చోట గట్టిపడిన చర్మం దగ్గర్నించి కనపడ్డాయి. ఆయన చాచిన చెయ్యి దారిలో మనసు మార్చుకుని జేబులోకి పోయింది.

"మీరు చెప్పాక ఇంకేముంది," అన్నాడు. "స్టూలు ఈవిడకే ఇచ్చేయండి. వాణ్ణి బెల్టు మీద వేస్తా." రుమాలుతో, ముట్టుకోని చేతిని తుడుచుకుంటూ బయటికి పోయాడు.

ఫిజియో లేపడానికి చెయ్యి అందించింది. వదిన ఆ చేతిని చూసి, బల్ల అంచు పట్టుకుని లేచింది.

"నేను నొక్కలేదు."

"తెలుసు. స్టూలు వచ్చిందిగా."

"వచ్చింది," అంది వదిన. ఇంకేదో అనబోయి, అనడానికి ఈ మనిషి సరిపోదన్నట్టు చెప్పుల కోసం చూసింది. చెప్పులు వేసుకుని తలుపు తీసింది.

తలుపు తెరవగానే బయట ఒక్కసారిగా కేకలు, ఈలలు. "వదినా! చివరికి నేర్చుకున్నావే!" "అంత మంచిదానిలా కూర్చుని చాటుగా ఎంత ప్రాక్టీసు చేశావు వదినా!" మాస్టారు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. "నన్ను పట్టుకున్న మడమలమ్మనే బోల్తా కొట్టించావు. నేను నీ ముందు బలాదూర్ వదినా."

"నేనేం నేర్చుకోలేదు రా," అంది వదిన.

"అట్లాగే అనాలి! అట్లాగే అనాలి!" అని అందరూ పడీ పడీ నవ్వారు.

వదిన మళ్ళీ ఆ మాట అనలేదు. లేబుళ్ళ బల్ల వైపు సిమెంటు దారి పట్టుకుని నడిచింది. ఫిజియో కిటికీ తెర పక్కకు జరిపింది. ఎడమ కాలి మీద ఆగడం, ఆలోచించుకోవడం, తుంటితో సహా విసరడం. వెనక నవ్వులు మెల్లగా తగ్గాయి. మాస్టారు ఒక్కడే నవ్వకుండా, కళ్ళు చికిలించి, ఆ నడకనే చూస్తున్నాడు. కొంతసేపటికి ఆమె వెనకాలే దారి మీదికి దిగాడు. ఆమె ఆగినప్పుడు ఆగాడు. ఆమె కాలు విసిరినప్పుడు విసిరాడు. మొదట సరిగ్గా రాలేదు, తుంటి వెనకపడింది. సర్దుకుని మళ్ళీ వేశాడు. ఈసారి కుదిరింది. కర్రవాడు వాడి వెనక చేరాడు, ఇంకొకడు ఆ వెనక. ముందు వదిన, ఆమె వెనక వరసగా అదే నడక. కిటికీలోంచి చూస్తున్న ఫిజియోకు, గేటు మలుపు దగ్గరికి వచ్చేసరికి, వాళ్ళలో ఎవరిది నిజమో తెలియలేదు.